యాభై రూపాయల ఆకాశం

లీలామహల్ దగ్గర మెట్లకింద నా స్టూడియో.
రోజంతా గుండ్లు.
గంధం ఇంకా ఆరని గుండ్లు,
చెవి వెనక కత్తి గాటు మిగిలిన గుండ్లు.
"గడ్డం కొంచెం దించండి. రెప్ప వెయ్యొద్దు."
ఈ రెండు మాటలతోనే
పంతొమ్మిదేళ్ళు బియ్యం కొన్నాను.

మంగళవారం మాత్రం షట్టరెత్తను.
నాలుగున్నర బస్సుకి నాయుడుపేట,
అక్కణ్ణించి సూళ్ళూరుపేట,
ఒళ్ళో పసిబిడ్డలా లెన్సు.
అది బాడుగది, రోజుకి ఆరొందలు.
బ్రేకు పడినప్పుడల్లా నా తలకన్నా ముందు
దాని మూతికే చెయ్యి అడ్డం పెడతాను.
"ఏముందక్కా సంచిలో?" అన్నాడు కండక్టరు.
"పిట్టలు."
"ఇంకా పోతానే ఉండావు గదా, అప్పుడే యాడొచ్చినాయి?"

పులికాటులో నీళ్ళు మోకాలెత్తే.
ఆరుముగం పడవని ముందుకి నడపడు,
గెడతో నేలను వెనక్కి తోస్తాడు.
బురద వాసన, రొయ్యపొట్టు వాసన,
దూరంగా ఎవరో చీర ఆరేసి మరిచిపోయినట్టు
లేతగులాబీ గీత.
దగ్గరయ్యేకొద్దీ గీతకి కాళ్ళొస్తాయి.
తలలన్నీ నీళ్ళలో తలకిందులు,
ఒక్కటీ ఇటు చూడదు.
గడ్డం దించమని ఎవరికి చెప్పను?

మూడేళ్ళ కింద ఒకనాడు
పొద్దెక్కిపోతోంది, బాడుగ కరిగిపోతోంది,
అవి మేస్తానే ఉన్నాయి.
"డబ్బా కొడితే లేస్తాయి మా. యాభై ఇయ్యి."
ఇచ్చాను.
రేకు డబ్బా మీద గెడకర్ర మూడు దెబ్బలు.
నీళ్ళు చిరిగాయి.
రెక్కల కింద దాచుకున్న ఎరుపంతా
ఒక్కసారి బయటపడింది.
నేను రెప్ప వెయ్యలేదు.

ఆ ఫోటో ఇప్పుడు కౌంటరు వెనక, నాలుగడుగులు.
గుండు తడుముకుంటా అందరూ దాన్నే చూస్తారు.
"ఎంత సంతోషంగా ఎగరతుండాయో!"
చిల్లర లెక్కపెడతా తల ఊపుతాను.
ఒక్క పాప మాత్రం,
పలమనేరు పక్క, ఏనుగుల్ని టపాకాయలతో తరిమే ఊరిది,
"వీటిని ఎవురు తరిమినారు?" అనింది.
వాళ్ళమ్మ దాని నోరు మూసింది.
ఆరోజు వాళ్ళకి రెండు కాపీలు ఊరికే ఇచ్చాను.

మొన్న మళ్ళీ పోయాను.
ఆరుముగం అలవాటు కొద్దీ డబ్బా ముందుకు జరిపాడు.
"వద్దు."
"మరి ఫోటో?"
డబ్బా బోర్లించి దానిమీదే కూర్చున్నాను.
అతను గెడ పడుకోబెట్టి బీడీ ముట్టించాడు.
పడవ తనకు తోచినట్టు తిరిగింది.
గంటన్నర.
ఒక పక్షి ఒంటికాలు మార్చుకుంది.
జరిగింది అంతే.
కార్డులో చూస్తే
బియ్యంలో మైసూరుపప్పు ఒలికినట్టు నాలుగు చుక్కలు.

సాయంత్రం తూపిలిపాళెం.
సర్వి తోపు దాటితే చాలు,
సరస్సు మింగేసిన మాటలన్నీ
సముద్రం గొంతు చించుకుని చెబుతుంది.
ఇసుక గోడలా కోసుకుపోయి,
వేళ్ళు బయటపడిన సర్విచెట్టొకటి
పడేందుకు తొందరేమీ లేనట్టు వంగి ఉంది.
బాడుగ లెన్సు సంచిలో దాచి
స్టూడియో లెన్సే తగిలించి మోకాళ్ళ మీద కూర్చున్నానో లేదో,
చెప్పాపెట్టకుండా ఒక అల
నా మొహానా దాని మొహానా ఒకటే చిమ్ము.
దీన్ని ఎవరూ డబ్బా కొట్టి లేపలేదు.
కొంగుతో తుడిచాను.
కొంగూ ఉప్పే.

శుక్రవారం యాసిన్ బాషా తిరిగొచ్చాడు,
కువైట్‌కి పోవాల్సిన మనిషి.
"వెనక తెల్లగా లేదంట మా,
ఈ మూల మబ్బు పట్టిందంట."
చూశాను. ఎడమ భుజం పైన
వేలిముద్రంత సముద్రం.
ఆ మాట చెప్పలేదు.
డబ్బుల్లేకుండా మళ్ళీ స్టూలు మీద కూర్చోబెట్టాను.
"గడ్డం కొంచెం..."
ఆగిపోయాను.
తలుపు సందులోంచి ఆయన
గోడమీది పక్షుల్ని చూస్తున్నాడు.
చూపు దానంతటది తిరిగేదాకా
చెయ్యి కదపకుండా నిలబడ్డాను.